కోనసీమలో గడ్డి తీత: పనిముట్లు, పద్ధతులు

గరిక రెండు దారుల్లో పాకుతుంది. ఒక కాడ నేలమీద తీగలా సాగి, కణుపు కణుపుకూ వేళ్ళు దించుకుంటుంది. మరొకటి మట్టిలోపల తెల్లగా, గట్టిగా నడిచి, ఎక్కడ వీలైతే అక్కడ మొలక పైకి పంపుతుంది. కోసేవారూ మేసేవారూ లేకపోతే రెండు మూడేళ్ళలో పైన పచ్చదనం, కింద మట్టి, ఆ రెంటికీ నడుమ చచ్చిన కాడలు, ముదిరిన వేళ్ళు, ఎండుటాకులు కలిసి ఒక పొర కడతాయి. అది అర అంగుళం దాటిందంటే వానకూ ఎరువుకూ అడ్డం పడుతుంది. నీరు పొరలోనే ఆగిపోతుంది, గడ్డి వేళ్ళు మట్టిలోకి దిగకుండా పొరలోనే అల్లుకుంటాయి, తెగుళ్ళకూ పురుగులకూ అక్కడ చోటు దొరుకుతుంది.

ఇంటిముందు పచ్చిక పెంచడం కోనసీమకు కొత్తే. పేరుకున్న గడ్డిని తీయడం మాత్రం వరి ఎంత పాతదో అంత పాత పని. గట్టు మీద, వరిచేలో, కొబ్బరితోటలో, కాలువ నీటి మీద అది నాలుగు తీర్లుగా సాగింది. అన్నిచోట్లా ఒకటే సంగతి కనిపిస్తుంది. తీసిన గడ్డి ఎవరికో ఒకరికి కావలసి ఉన్నన్నాళ్ళు ఒక కొడవలి, ఒక పార, రెండు చేతులు సరిపోయాయి. ఆ గడ్డి ఎవరికీ అక్కరలేకుండా పోయిన తరవాతే యంత్రాలూ మందులూ వచ్చాయి.

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రందాకా దిగిన ముక్కోణపు నేల కోనసీమ. లోపల వైనతేయ మళ్ళీ దాన్ని చీలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్ట ఈ నేలకు కాలవనీరు తెచ్చింది. అదే రోజుల్లో గన్నవరం వద్ద వైనతేయ మీదుగా కట్టిన అక్విడక్టు రాజోలు వైపు దీవికి కూడా నీరు దాటించింది. అంతకుముందు వానకూ వరదకూ ఎదురుచూసిన పొలాలు సార్వా (ఖరీఫ్) కాలమంతా నీటిలో ఉండసాగాయి. దీంతో కలుపు తీరు కూడా మారింది. ఎండనూ మెరకనూ కోరే గరిక గట్లకూ దిబ్బలకూ తోటలకూ పరిమితమైంది. చేలో ఊద, నీటి తుంగ, గుంటగలగర వంటివి మిగిలాయి. ఏ పనిముట్టు ఎక్కడ వాడాలో ఈ పంపకమే చాలావరకు నిర్ణయించింది.

వరిచేలో గడ్డిపొరను తీసే మొదటి పద్ధతి దమ్ము. వేసవిలో ఒకటి రెండు చాళ్ళు దున్ని పెళ్ళలు ఎండనిస్తారు. తుంగ గడ్డలూ, గట్టు నుంచి పాకిన గరిక కాడలూ ఆ ఎండకు చాలామటుకు మాడిపోతాయి. కాలవ వదిలాక నీరు పెట్టి, కొన్ని రోజులు నాననిచ్చి, మళ్ళీ మళ్ళీ దున్నుతారు. ప్రతి దున్నకానికీ నడుమ వదిలే రోజులు ఊరికే పోవు. మట్టిలో దాగిన కలుపు విత్తనం ఆ సమయంలో మొలుస్తుంది, తరవాతి దున్నకం దాన్ని బురదలో తొక్కేస్తుంది. చివరగా పరంబు తోలి చదును చేస్తారు. చదును విషయంలో పాత రైతులు పట్టిన పట్టుకు మంచి కారణమే ఉంది. నీరు అందని ఒక్క మెరక మిగిలినా అక్కడ ఊద లేస్తుంది, ఆ ఊద గింజ రాలి మరుసటి ఏడు మడంతా కమ్ముతుంది. ఎద్దుల నాగలి పోయి ట్రాక్టరుకు దమ్ముచక్రాలు వచ్చాయి గాని పద్ధతిలోని సూత్రం మారలేదు. గాలి ఆడకుండా ముంచి, కుళ్ళబెట్టి, అదే గడ్డిని పైరుకు ఎరువుగా మార్చడం ఇందులో అసలు పని.

ఊడ్పులయ్యాక పని ఆడవాళ్ళ చేతికి వస్తుంది. మూడు వారాలకు ఒకసారి, అవసరమైతే ఆరు వారాలలోపు ఇంకోసారి కలుపు తీస్తారు. ఇందులో పనిముట్టు లేదు. వంగిన నడుము, బురదలోకి దిగిన వేళ్ళు, అంతే. ఈ పనిలోని నేర్పును చరిత్రకారులు లెక్కపెట్టింది తక్కువ. లేత ఊద అచ్చం వరిలాగే ఉంటుంది. వరి ఆకు తొడుగు దగ్గర పల్చటి పొర, చెవుల్లాంటి చిన్న భాగాలు ఉంటాయి, ఊదకు అవి ఉండవు. మోకాలిలోతు బురదలో వేగంగా కదులుతూ, ఆ తేడాను కంటితోనూ వేలితోనూ పట్టుకుని, వరి దుబ్బు కదలకుండా ఊదను వేరుతో లాగడం ఏళ్ళ తరబడి అలవాటుతో గాని రాదు. పాటలతో పని సాగేది. పీకిన కలుపులో కొంత అక్కడే బురదలో తొక్కేవారు. పశువు తినే గడ్డిని కట్టలు కట్టి గట్టుకు చేర్చి, సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళేవారు. భూమి లేని ఇంట గేదె బతకడానికి ఆ కట్ట పెద్ద ఆధారం. అందువల్ల కలుపు తీత రైతుకు ఖర్చు, కూలికి కూలితోపాటు మేత కూడా.

గట్టు కథ వేరు. అక్కడ పెరిగేది గరిక. అది గట్టును గట్టిగా పట్టి ఉంచుతుంది, వరదనీటికి మట్టి జారనివ్వదు. కాబట్టి పూర్తిగా తీసేస్తే నష్టం. వదిలేస్తే కాడలు చేలోకి పాకుతాయి, ఎలుకలూ పీతలూ బొరియలు చేసినా కనబడవు. ఈ రెంటికీ నడుమ కుదిరిన పద్ధతే గట్టు చెక్కడం. ఊడ్పులకు ముందు గట్టు నెత్తిన గడ్డి వదిలి, చేనువైపు అంచును మాత్రం పారతో నిలువుగా చెక్కి, ఆ పెళ్ళలను దమ్ములోకి తోసి, బొరియలు మూసి, మెత్తని బురద మెత్తుతారు. నేలలోకి లోతుగా దిగే పార మట్టి ఎత్తడానికి పనికొస్తుంది. గడ్డిని వేళ్ళ పైభాగం దగ్గర కోస్తూ పల్చగా గీరడానికి పలుచటి, వెడల్పాటి అంచున్న దోకుడుపార కావాలి. దాన్ని నిలబడి తమవైపు లాక్కుంటారు. మట్టిని తిరగెయ్యకుండా పైపొరను మాత్రం గీరుతుంది కాబట్టి, ఈనాటి పచ్చిక యంత్రాలు చేసే పనికి కోనసీమ పాత పనిముట్లలో అన్నిటికన్నా దగ్గరిది ఇదే. మిగతా ఏడాదంతా గట్టు గడ్డికి కొడవలే యజమాని. పొలం ఎవరిదైనా గట్టు మీద గడ్డి కోసుకోవడం పల్లెల్లో చాలామటుకు అనుమతి అడగని అలవాటుగా ఉండేది. వారం వారం కొడవలి పడే గట్టు మీద ఎండుపొర కట్టే సమస్యే లేదు.

కొబ్బరితోటలో గడ్డి మరింత మొండిది. చెట్ల నడుమ ఎండ పడుతుంది, తేమ ఉంటుంది, నీరు నిలవదు. గరికకూ తుంగకూ ఇంతకంటే ఏం కావాలి? తోటలో నాగలి తోలితే పని అయినట్టే కనిపిస్తుంది గాని, తెగిన ప్రతి కణుపూ కొత్త మొక్క అవుతుంది. అందుకే దున్నకం తరవాత పళ్ళగొర్రు లేదా దంతె తోలి, తెగిన కాడలను పైకి లాగి, కుప్పవేసి, ఎండలో మాడ్చడం తప్పనిసరి. పని ఏ కాలంలో చేశారన్నది ఏ పనిముట్టు వాడారన్నదానికన్నా ముఖ్యం. వానల్లో చేస్తే పడినచోటల్లా పాతుకుంటుంది, ఎండల్లో చేస్తే వారంలో ఎండిపోతుంది. చెట్టు చుట్టూ పాదును పారతో చెక్కి, ఆ గడ్డినే తిరగేసి పాదులో కప్పుతారు. నడుమ జాగాలో పశువును పలుపుతాడుతో కట్టి మేపుతారు. తాడు పొడవున గుండ్రంగా మేసిన తరవాత గుంజ మార్చడం అందరికీ తెలిసిన పద్ధతి. పశువు కోసేదీ, తొక్కేదీ, పేడతో ఎరువు పెట్టేదీ ఒక్కసారే జరుగుతుంది.

గరికకు నీడ పడదు. అరటి, కంద, పసుపు, ఈమధ్య కాలంలో కోకో, ఇలా అంతరపంటలు కమ్మిన తోటల్లో గడ్డి తీసే పని తానే తగ్గిపోవడానికి కారణం ఇదే. కోకో ఆకు రాలి నేలను కప్పేస్తుంది, కింద ఏ గడ్డీ తేరుకోదు. 1996 నవంబరు 6 రాత్రి విరుచుకుపడ్డ తుపాను లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను కూల్చి, మొవ్వులు విరిచేసింది. నీడ పోయిన నేల మీద ఎండ నిలువునా పడింది. కొత్త మొక్కలు నాటినవారికి, అవి ఎదిగి నీడ ఇచ్చేదాకా, గడ్డితో పోరు ఏళ్ళ పని అయింది. చెట్లు పోయిన నష్టం గురించి అందరూ రాశారు. లేతమొక్కల చుట్టూ ఏడాదికి మూడు నాలుగుసార్లు పాదు చెక్కిన శ్రమ కూడా ఆ నష్టంలో భాగమే.

గరికను కోరి తెచ్చుకునేవారూ కోనసీమలో లేకపోలేదు. అయినవిల్లి విఘ్నేశ్వరుడి సన్నిధిలోనూ, వినాయకచవితినాడు ఇంటింటా పత్రి పూజలోనూ గరిక ఉండాలి. లేత కొనలను గిల్లి కట్టలు కట్టి అమ్మే చిన్న జీవనం దీనిమీద నడుస్తుంది.

నీటి మీది గడ్డి నాలుగోది. పాత రోజుల్లో మురుగుకాలవల్లో జమ్ము, తుంగ, లంకల్లో రెల్లు దండిగా ఉండేవి. వాటిని తొలగించాలని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే ఏటా కోసుకుపోయేవారు. రెల్లు పాకల కప్పుకు, జమ్ము తడికలకూ కప్పుకూ, తుంగ చాపలకూ పోయేది. కొన్నేళ్ళకోసారి ఇంటి పైకప్పు దించి కొత్త గడ్డి నెయ్యడం ఊరికి ఎంత పనో, కాలవకు అంత శుభ్రత. పెంకుటిళ్ళూ తరవాత డాబాలూ పెరిగి పాకలు తగ్గాక జమ్ము కోసేవారు తగ్గారు. పడవలు తిరిగినన్నాళ్ళు కాలవ నడుమ దారి తెరుచుకునే ఉండేది. కోనసీమ ఉన్న మధ్యడెల్టా కాలవలు నీటిపారుదలకూ రాకపోకలకూ కలిపి కట్టినవి. రోడ్డు రవాణా పెరిగి పడవలు ఆగిపోవడంతో ఆ కదలిక కూడా పోయింది.

ఆ ఖాళీలోకి గుర్రపుడెక్క వచ్చింది. దక్షిణ అమెరికా నుంచి అలంకారపు మొక్కగా ప్రపంచమంతా తిరిగి, 19వ శతాబ్దం చివర బెంగాల్ చేరి, అక్కణ్ణుంచి దేశమంతా పాకిన మొక్క ఇది. బెంగాల్ ప్రభుత్వం 1936లో దీని కోసమే ఒక చట్టం చేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1919 నాటి వ్యవసాయ చీడపీడల చట్టం హానికరమైన కలుపు మొక్కల తొలగింపును భూమి గలవారి బాధ్యతగా చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. గుర్రపుడెక్కను పశువు ఇష్టంగా తినదు, పాక కప్పుకు పనికిరాదు, పొయ్యిలోకీ రాదు. కోనసీమలో ఎవరికీ అక్కరలేని మొదటి గడ్డి ఇదే అనుకోవచ్చు. అందుకే దీన్ని తీయడం మొదటినుంచీ కూలి ఇచ్చి చేయించవలసిన పని అయింది. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు అడుగు తేలిన చోట పారలతో తీస్తారు. నీరున్నప్పుడు తాడు అడ్డంగా లాగి డెక్కను ఒక ఒడ్డుకు చేర్చి, కొంకికర్రలతో పైకి ఈడుస్తారు. తరవాత ప్రొక్లెయినర్లు వచ్చాయి. యంత్రం వేగంగా తీస్తుంది గాని, ఒడ్డున పోసిన కుప్ప మొదటి వానకే మళ్ళీ కాలవలోకి జారితే పని మొదటికి వస్తుంది.

మనుషులూ యంత్రాలూ కాక జీవులనూ ఈ పనికి దింపారు. గడ్డిచేపను మనదేశానికి 1959లో తెచ్చారు. అది నీటి అడుగు మొక్కలను బాగా మేస్తుంది గాని గుర్రపుడెక్క జోలికి అంతగా పోదు. డెక్కనే తినే ముక్కుపురుగును 1982లో బెంగళూరుకు తెప్పించి, పరీక్షల తరవాత వదిలారు. నిలవనీటి చెరువుల్లో అది మంచి ఫలితం చూపింది. పారే కాలవల్లో ఏటా నీరు వదలడం, కట్టేయడం వల్ల పురుగు స్థిరపడటం కష్టం. 1997లో ఆంధ్రప్రదేశ్‌లో నీటి సంఘాల చట్టం వచ్చాక పిల్లకాలవల బాగుచేత, అందులో గడ్డి తీత, రైతుల సంఘాల చేతికి వచ్చింది. మురుగుకాలవలు మాత్రం పూడికతో, డెక్కతో నిండుతూనే ఉన్నాయి. సార్వాలో వాన పడితే నీరు బయటికి పోదు, ఊడ్చిన చేను కుళ్ళిపోతుంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేలాది ఎకరాలు బీడు పెట్టినప్పుడు గిట్టని ధరలు, పెరిగిన కూలి ఖర్చులతోపాటు ఈ మురుగు బాధ కూడా వారి ఫిర్యాదులో ఉంది. ప్రభుత్వం మోహన్ కందా నాయకత్వంలో వేసిన కమిటీ ఈ కారణాలను పరిశీలించింది. బీడు పెట్టిన చేలు మరుసటి పంటకు ఊదతోనూ తుంగతోనూ నిండి ఉండటం ఆ విరామానికి రైతులు చెల్లించిన మరో మూల్యం.

చేలో కలుపు తీసే యంత్రం వచ్చిన దారి ఆసక్తికరం. జపాన్‌లో 19వ శతాబ్దం చివరి దశాబ్దంలో వరి వరుసల నడుమ తోసుకుంటూ పోయే పళ్ళచక్రాల పనిముట్టు వాడకంలోకి వచ్చింది. 1953లో భారత ప్రభుత్వం జపాను పద్ధతి వరిసాగును దేశమంతా ప్రచారం చేసినప్పుడు వరుస ఊడ్పుతోపాటు ఆ పనిముట్టూ ఇక్కడి రైతులకు పరిచయమైంది. గోదావరి జిల్లాల్లో అది నిలవలేదు. వరుసలు లేకుండా గుంపుగా ఊడ్చే అలవాటు బలంగా ఉంది. కూలికి మనుషులు దొరికేవారు. అన్నిటికన్నా ముఖ్యంగా, చక్రం తిరగాలంటే చేలో పల్చగా నీరుండాలి, సార్వాలో నీరు రైతు చెప్పినట్టు వినదు. 2003లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం శ్రీ (ఎస్ఆర్ఐ) పద్ధతి వరి సాగును రాష్ట్రంలో ప్రదర్శించినప్పుడు అదే తరహా యంత్రం శంకు ఆకారపు రెండు దొర్లుళ్ళతో కోనోవీడరుగా మళ్ళీ వచ్చింది. ఇది కలుపును పీకదు, బురదలోకి తొక్కి కుళ్ళబెడుతుంది, వేళ్ళకు గాలి ఆడేలా చేస్తుంది. దమ్ము సూత్రమే నిలబడ్డ పైరు నడుమకు వచ్చిందన్నమాట. నీటిమట్టం అదుపులో ఉండే మెరకల్లో, దాళ్వాలో (రబీలో) ఇది బాగా పనిచేస్తుంది. కోనసీమ పల్లపు చేలల్లో సార్వాకు మురుగు తీరనిదే దీనికి చోటు లేదు.

ఈలోగా గడ్డి కావలసినవారు తగ్గిపోతూ వచ్చారు. 1960ల చివర ఐఆర్-8 వంటి పొట్టి రకాలు వచ్చాయి. వసిష్ఠకు అవతల ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఐఆర్-8ను పండించి పేరు పొందారు. పొడుగు వరి ఇచ్చే నీడ పొట్టి వరి ఇవ్వదు, పైగా ఎరువు ఎక్కువ, కాబట్టి కలుపూ పెరిగింది. దాళ్వా విస్తరించింది. అంతకుముందు సార్వా కోతలకు ముందే చేలో చల్లే పిల్లిపెసర, జనుము తగ్గాయి. అవి పశువుకు మేత, నేలకు ఎరువు, కలుపుకు అడ్డు. ట్రాక్టర్లతో ఎద్దులూ, కోతయంత్రాలతో గడ్డిమేట్లూ పలచబడ్డాయి. ఇంటి గేదె పోయాక గట్టు గడ్డికి కొడవలి రావడం మానేసింది. చదువుకున్న పిల్లలూ గల్ఫుకు వెళ్ళిన ఆడవాళ్ళూ కలుపుతీతకు వంగకపోవడం న్యాయమే. ఆ పనికి తగిన కూలి ఏనాడూ దక్కలేదు.

ఆ చోటును మందులు ఆక్రమించాయి. ఊడ్చిన నాలుగైదు రోజుల్లో బ్యూటాక్లోర్ వంటి మందును ఇసుకలో కలిపి పల్చటి నీటిలో చల్లడం, మిగిలిన వెడల్పాకు కలుపుకు 2,4-డి కొట్టడం, ఊదకు బిస్పైరిబాక్ వాడటం మామూలైంది. వెదజల్లే వరి పెరిగిన చోట మందు లేనిదే సాగే లేదు. గట్లకూ తోటలకూ గ్లైఫోసేట్ వచ్చింది. వేరుతో సహా చంపుతుంది గనుక గరికకు దీటైనది అనిపించింది. కాని గరిక చచ్చిన గట్టు మొదటి జడివానకే జారింది. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం గ్లైఫోసేట్‌ను చీడపీడల నివారణ నిర్వాహకుల ద్వారా తప్ప వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. తోటల్లో ఇప్పుడు ఎక్కువగా వినబడేది పెట్రోలు గడ్డికోత యంత్రం. భుజాన తగిలించుకుని, తిరిగే దారంతోనో బిళ్ళతోనో పైగడ్డి నరుకుతారు. తెగిన గడ్డి ఎవరూ ఎత్తకపోతే అక్కడే ఎండి పేరుకుంటుంది. పైన కోసేకొద్దీ గరిక పక్కలకు మరింత పాకుతుంది. పశువు మేసిన నేల మీద కట్టని ఎండుపొర ఇక్కడ కడుతోంది.

అదే పొర ఇప్పుడు ఇంటిముందు పచ్చికలోనూ కనిపిస్తోంది. గౌతమికి అవతల కడియం నర్సరీల నుంచి చదరాలుగా కోసిన గడ్డి చాపలు అమలాపురం, రావులపాలెం ఇళ్ళకూ కల్యాణమండపాలకూ వస్తున్నాయి. పచ్చికను కోసే యంత్రానికి ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ 1830లో పేటెంటు పొందాడు. పొరను నిలువు బిళ్ళలతో గీరే యంత్రాలు 20వ శతాబ్దం మధ్యలో అమెరికా గోల్ఫు మైదానాల అవసరంతో వ్యాపించాయి. చిన్న పచ్చికకు అంత యంత్రం అక్కరలేదు. గట్టి ఇనుపపళ్ళ దంతెతో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా గీరితే పొర పైకి లేస్తుంది. ముందుగా గడ్డిని పొట్టిగా కోయాలి, నేల తడిపొడిగా ఉండాలి. బురదలో గీరితే పచ్చిక పెళ్ళలుగా ఊడుతుంది, ఎండిన నేలలో పళ్ళు దిగవు.

కాలం ఎంపికలో ఇక్కడి పచ్చికకు తోట సూత్రం తిరగబడుతుంది. తోటలో గరికను చంపడానికి నడివేసవి కావాలి, పచ్చికలో దాన్ని బతికిస్తూ పొర తీయడానికి తొలకరి కావాలి. జూన్, జూలైలో గీరితే రెండు మూడు వారాల్లో కొత్త ఆకు కమ్ముతుంది. చలి మొదలయ్యాక గీరితే మచ్చలు సంక్రాంతి దాటినా పూడవు. గీరిన తరవాత లేచిన చెత్తను ఊడ్చి, జల్లించిన ఇసుకా పశువుల ఎరువూ కలిపి పల్చగా చల్లి, నీరు పెట్టాలి. నత్రజని అతిగా వేస్తే పొర మళ్ళీ తొందరగా కడుతుంది. తీసిన చెత్తలో బతికిన కణుపులుంటాయి కాబట్టి సిమెంటు గచ్చు మీద నాలుగైదు రోజులు బాగా ఎండబెట్టి, ఆ తరవాతే కొబ్బరిపాదుల్లో కప్పాలి.